సెలవు రోజు నాన్న: సేవాపనులు, పాత స్నేహాలు – పాఠకుల ప్రశ్నలు

శని, ఆదివారాల్లో స్నేహితులతో కలిసి ఏదో ఒక సేవాపనికి వెళ్లే నాన్నల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల సమాధానాలు ఇస్తున్నాం. ఒక్కో పనికి ఆ పని తెలిసినవాళ్లే జవాబు రాశారు.

ప్రశ్న: మా నాన్నగారు బ్యాంకులో పనిచేసి కిందటేడు రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులున్నాయి. రోజంతా టీవీ ముందే. సేవ చేయాలని ఉందంటారు గానీ కదలరు. ఏ పని చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పని సంగతి తర్వాత, ముందు మనుషుల సంగతి చూడండి. "వారానికోసారి ఎవరితో కూర్చుంటే మీకు బాగుంటుంది?" అని అడిగి, ముగ్గురు నలుగురి పేర్లు చెప్పించండి. ఈ వయసులో మగవాళ్ల స్నేహాలు చాలావరకు ఆఫీసులో పక్క పక్క సీట్లలో కూర్చుని పెరిగినవే. ఆఫీసు పోయాక "ఏం, ఎలా ఉన్నావ్" అని ఫోన్ చేసుకుంటే రెండు నిమిషాల్లో మాటలు అయిపోతాయి. చేతిలో ఏదో ఒక పని ఉంటే పక్కన నడిచే మాటలకు అంతుండదు.

ఇక పని. బ్యాంకులో చేసిన మనిషికి బ్యాంకు పనే చెప్పండి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు ఖాతాలోంచి కట్ అవుతాయి. చాలా ఇళ్లలో ఆ కోత దేనికో తెలియదు. ఇంటాయన పోయినా 2 లక్షల క్లెయిము పెట్టుకోవాలన్న సంగతి భార్యకు తెలియదు. బస్తీలో ఒక అరుగు మీద కూర్చుని పాస్‌బుక్కుల్లో ఈ రెండు పద్దులూ ఉన్నాయో లేవో చూసిపెట్టడం, నామినీ పేరు సరిగా ఉందో లేదో చెప్పడం పెద్ద సేవ. నవంబరు వస్తే పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 ఏళ్లు దాటినవాళ్లకు అక్టోబరు 1 నుంచే వెసులుబాటు ఉంది. వేలిముద్రలు అరిగిపోయి యంత్రం పట్టని పెద్దవాళ్లకు ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్, అంటే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్, తీసిపెట్టవచ్చు. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టి, కళ్లజోడు తీయించి, వెనక గోడ ఖాళీగా ఉండేలా చూస్తే ఎక్కువసార్లు మొదటిసారికే పట్టుకుంటుంది. మోకాళ్లతో పనే లేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండమనండి. ఎవరి పిన్ నంబరూ అడగకూడదు, పాస్‌బుక్కు ఇంటికి తెచ్చుకోకూడదు, ఎప్పుడూ ఇద్దరు కలిసి నలుగురూ చూసే చోటే కూర్చోవాలి. ఓటీపీ వస్తే ఖాతాదారే తన చేత్తో కొట్టాలి.

వేళ కూడా మొదటే ఖాయం చేసుకోవాలి. ఆదివారం ఏడింటి నుంచి తొమ్మిదిన్నర దాకా అనుకుంటే అందులో చివరి అరగంట టీకి వదిలెయ్యండి. ఆ అరగంటను ఏ పనికీ ఇవ్వొద్దు. "ఈ వారం ఎవరెవరు వస్తున్నారు?" అని వాట్సాప్‌లో వారం వారం అడగడం కూడా వద్దు. అడిగితే రాకపోవడానికి దారి చూపినట్టే. రాలేనివాళ్లు శనివారం రాత్రి ఎనిమిదిలోపు చెప్పాలన్న మాట ఒక్కటి పెట్టుకుంటే చాలు.

ప్రశ్న: మా నాన్న, ఆయన స్నేహితులు నలుగురు కలిసి రెండేళ్ల కిందట మా ఊరి హైస్కూల్లో 60 మొక్కలు నాటారు. ఇప్పుడు పదో పన్నెండో మిగిలాయి. అందరూ డీలా పడ్డారు. ఎక్కడ తేడా వచ్చింది?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: లెక్కలో తేడా వచ్చింది. ఎన్ని గుంతలు తవ్వగలమన్న లెక్కతో మొక్కలు తెచ్చారు. మే నెలలో ఎన్ని బిందెల నీళ్లు మోయగలమన్న లెక్కతో తేవాలి. పెద్ద బిందెకు 15 లీటర్లు వేసుకుందాం. ఎండాకాలం మొక్కకు వారానికి రెండు బిందెలు. అరవై మొక్కలకు వారానికి 120 బిందెలు, అంటే 1,800 లీటర్లు. అయిదుగురు ఒక ఆదివారం పొద్దున చేయగలిగేది కాదది. పైగా ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడికి సెలవులు. పిల్లలు ఉండరు, గేటుకు తాళం, మోటారు స్విచ్చు గది తలుపుకు ఇంకో తాళం. మొక్క చచ్చేది ఆ ఏడు వారాల్లోనే. ఈసారి ఇరవై మొక్కలకు మించొద్దు. మార్చిలోనే హెడ్మాస్టరుగారితో మాట్లాడి, సెలవుల్లో తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో, నీళ్లు ఏ రోజు పట్టుకోవచ్చో రాయించుకోండి.

నాటే కాలం కూడా చూసుకోండి. తెలంగాణలో జూన్ చివర, జులైలో నాటితే సరిపోతుంది. మీ జిల్లాలో జూన్, జులై నెలల్లో వాన తక్కువ, గాలి ఎక్కువ. మీ ఉమ్మడి జిల్లాలోని రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని చూసే. లేత మొక్క ఆకుల్లోంచి నీరు లాగేస్తుంది అది. మీకు వానలు బాగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఆగస్టు చివర ఒక మంచి వాన పడి నేల జానెడు లోతు తడిశాక నాటండి.

గుంత రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. నాటడానికి మూడు వారాల ముందే తవ్వి ఎండకు వదిలెయ్యాలి. తవ్వేటప్పుడు పై అడుగు మట్టి ఒకవైపు, కింది అడుగు మట్టి ఒకవైపు పోయండి. సారం ఉండేది పై మట్టిలో. నింపేటప్పుడు అదే వేళ్ల దగ్గరికి రావాలి. గుంతలో రెండు బిందెల నీళ్లు పోసి చూడండి. మర్నాటికీ నీళ్లు నిలిచి ఉంటే కింద రాయో సుద్దో అడ్డం ఉందని అర్థం. ఆ చోటు వదిలి నాలుగడుగులు పక్కకు జరగండి. రెండు పాళ్లు పై మట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, గుంతకు పావుకిలో వేపపిండి కలిపి నింపండి. పచ్చిపేడ వేస్తే చెద పడుతుంది. వేడికి వేళ్లు మాడతాయి కూడా.

మొక్క నాలుగైదు అడుగుల ఎత్తుది తీసుకుంటే మేకకు మొన చిక్కదు. సంచి తీయకుండా, లేదా కింద కొంచెం చించి అలాగే పాతిపెట్టడం చాలాచోట్ల చూస్తాం. అది తప్పు. బ్లేడుతో సంచిని పై నుంచి కిందికి కోసి పూర్తిగా తీసెయ్యాలి. అడుగున వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే ఆ చుట్టను అంగుళం మేర కోసెయ్యండి. లేకపోతే వేరు అలాగే చుట్టూ తిరిగి, చెట్టు పెద్దయ్యాక గాలికి పడిపోతుంది. సంచిలో మట్టి ఏ మట్టానికి ఉందో నేలలోనూ అదే మట్టానికి రావాలి. కాండం మీదికి మట్టి ఎగదోస్తే మొదలు కుళ్లుతుంది.

చుట్టూ మూడడుగుల వెడల్పు పాదు చేసి, ఎండుటాకులు నాలుగంగుళాల మందాన పరవండి. ఆకులు కాండానికి తగలకుండా నాలుగువేళ్ల ఎడం ఉంచండి. ఊతకర్రకు కొబ్బరితాడుతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. ఇనుప తీగ కడితే ఏడాది తిరిగేసరికి బెరడులోకి దిగి మొక్క గొంతు నొక్కేస్తుంది. చుట్టూ తుమ్మకంప వేస్తే ఇనుప ట్రీగార్డు కొనే ఖర్చు తప్పుతుంది. వారం మధ్యలో నీళ్లు పట్టేవాళ్లు లేకపోతే, పాదులో ఆరేడు లీటర్ల మట్టికుండ మెడదాకా పాతి, నింపి మూతపెట్టండి. పచ్చికుండ కాకుండా కాల్చిన కుండ, రంగు వేయనిది ఉండాలి. గోడల్లోంచి నీరు మెల్లగా ఊరి వేళ్లకు అందుతుంది.

జాతుల విషయంలో మీ నేలకు వేప, కానుగ, చింత, రావి. రావి మాత్రం గోడకు, నీళ్ల ట్యాంకుకు ముప్పై అడుగుల దూరంలో. తురాయి పువ్వు అందంగానే ఉంటుంది గానీ కొమ్మ పెళుసు, పిల్లలు ఆడుకునే చోట వద్దు. కోనోకార్పస్ వద్దే వద్దు.

మిగిలిన ఆ పదీ పన్నెండు మొక్కల సంగతి మరిచిపోవద్దు. ఈ నేలలో రెండు వేసవులు దాటాయంటే అవి నిలిచినట్టే. ముందు వాటి పాదులు బాగుచేయించండి. అయిదుగురూ మళ్లీ కలవడానికి అది మంచి మొదలు.

ప్రశ్న: మా నాన్నగారికి వచ్చే నెల 60 నిండుతాయి. ఆ రోజు తన స్నేహితులు పన్నెండుమందితో కలిసి రక్తదానం చేయాలని ఉబలాటం. ఇంతకుముందు చాలాసార్లు ఇచ్చారు. బీపీ మాత్ర, షుగరు మాత్ర వాడుతున్నారు. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వయసు అడ్డం కాదు. మన దేశంలో 18 నుంచి 65 ఏళ్ల దాకా ఇవ్వవచ్చు. తొలిసారి ఇచ్చేవాళ్లకు మాత్రం 60 హద్దు. బీపీ మాత్ర వాడుతున్నా ఆ రోజు పై అంకె 100–140 మధ్య, కింది అంకె 60–90 మధ్య ఉంటే తీసుకుంటారు. షుగరుకు మాత్రలే వాడుతూ, గత నాలుగు వారాల్లో మందు గానీ మోతాదు గానీ మారకపోతే ఇవ్వవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లు ఇవ్వకూడదు. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. బరువు 45 కిలోలుంటే 350 మిల్లీలీటర్లు, 55 దాటితే 450 తీస్తారు. మగవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే 90 రోజులు ఆగాలి. తుది మాట రక్తకేంద్రం డాక్టరుదే.

రక్తం ఇవ్వడం కోసం ఆ పూట బీపీ మాత్ర మానేసేవాళ్లున్నారు. అది ప్రమాదం. మామూలుగా వేసుకునే వేళకే వేసుకోవాలి. పుట్టినరోజు కదా అని ఉపవాసంతో గుడికి వెళ్లి అటునుంచి అటే శిబిరానికి రావడం మరో పొరపాటు. కళ్లు తిరిగి పడిపోయేవాళ్లలో ఎక్కువమంది ఖాళీ కడుపుతోనో, నీళ్లు తాగకనో వచ్చినవాళ్లే. రెండు మూడు గంటల ముందు టిఫిన్ తిని, అరగంట ముందు అర లీటరు నీళ్లు తాగి రమ్మనండి. ఇచ్చాక పదిహేను నిమిషాలు కూర్చోవాలి. వెంటనే బండి తీయొద్దు. ఆ రోజు బరువులు ఎత్తొద్దు.

ఇప్పుడు అసలు సలహా. పన్నెండుమందీ ఒకే రోజు ఇవ్వొద్దు. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు నిలవ ఉంటాయి. ప్లేట్‌లెట్లకు అయిదు రోజులే ఆయుష్షు. నాయకుల పుట్టినరోజులకు ఒక్కసారిగా కుప్పపడిన రక్తం నెలన్నర తిరిగేసరికి గడువు దాటుతుంది, కాలేజీలు మూసేసిన మే నెలలో మాత్రం దొరకదు. తలసేమియా అనే రక్తవ్యాధి ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాల్సిందే, వాళ్లకు వేసవి సెలవులు ఉండవు. అందుకని పన్నెండుమందీ నలుగురేసి మూడు జట్లు కండి. నెలకో జట్టు. మనిషికి 90 రోజుల ఎడం దక్కాలంటే ప్రతి జట్టుకూ నెలలో ఒకే వారం ఖాయం చేసుకుని, తేదీలు లెక్కపెట్టి క్యాలెండరు మీద రాసుకోండి. నెల నెలా నాలుగు యూనిట్లు చొప్పున ఏడాది పొడవునా అందుతాయి. దగ్గర్లోని రక్తకేంద్రాలు ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-రక్తకోష్‌లో కనిపిస్తాయి. మీ జట్టు నంబర్లు అక్కడి కౌన్సెలరుకు ఇచ్చి ఉంచండి.

పన్నెండుమందిలో స్టెంట్ పడినవాళ్లో, ఇన్సులిన్ వాడేవాళ్లో ఉంటే వాళ్లను ఇంటి దగ్గర వదలొద్దు. ఫారాలు నింపడం, కొత్తగా వచ్చిన కుర్రాడి పక్కన కూర్చుని మాటల్లో పెట్టడం సూది పొడిపించుకోవడమంత ముఖ్యమైన పనే.

ప్రశ్న: మావారు ప్రతి ఆదివారం స్నేహితులతో చెరువుగట్టు శుభ్రం చేయడానికి పోతారు. మంచిదే. పదేళ్ల బాబు మాత్రం "నాన్న ఆదివారం కూడా ఉండడు" అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: బాబు అన్న మాట సబబే. నెలలో రెండు ఆదివారాలు ఇంటికి, రెండు గట్టుకు అని మీవారిని ఒప్పించండి. నలుగురైదుగురు స్నేహితులుంటే వంతులు వేసుకోవడం కష్టం కాదు. గట్టుకు వెళ్లే రోజుల్లో ఒకటి బాబును తీసుకెళ్లమనండి. గాజుముక్కలు, సిరంజీలు దొరికే చోట పిల్లల చేత చెత్త ఏరించకూడదు. సంచులు లెక్కపెట్టి పుస్తకంలో రాయడం, తూకం చూడడం, గట్టు మీద కనిపించిన కొంగలు, నీటికోళ్లు ఎన్నో రాయడం వాడి పని. నీళ్ల అంచుకు పది అడుగుల ఇవతలే ఉండాలి.

ప్రశ్న: లెక్చరరుగా రిటైరైన మా నాన్నగారికి చూపులేని విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టాలని కోరిక. మిత్రులు ఇద్దరు కూడా సిద్ధం. ఎవరిని కలవాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ కోరిక చాలామంది చదువుకున్న పెద్దలకు ఉంటుంది. అయితే వాళ్ల చదువే అడ్డం వస్తుంది. పదో తరగతి పరీక్షకు సాధారణంగా తొమ్మిదో తరగతి పిల్లలనే లేఖకులుగా తీసుకుంటారు. పై పరీక్షలకు కూడా, అభ్యర్థి చదువు కంటే లేఖకుడి చదువు తక్కువ ఉండాలన్నదే నియమం. ఎంత తక్కువన్నది ఒక్కో నోటిఫికేషన్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ప్రతిసారీ చదివి చూసుకోవాలి. ఎమ్మే చదివినాయనకు అవకాశం దొరకడం అరుదు. వాళ్ల డిగ్రీ చదివే మనవడో మనవరాలో పనికొస్తారు. గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఉంటుంది కనుక మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు కూర్చునే ఓపిక కావాలని ముందే చెప్పండి.

నాన్నగారికి, మిత్రులకు సరిపోయే పని పాఠాలు చదివి రికార్డు చేయడం. దగ్గర్లోని అంధ విద్యార్థుల హాస్టలుకు వెళ్లి, ఏ పుస్తకం దొరకడం లేదో విద్యార్థులనే అడగండి. తెలుగు మీడియం డిగ్రీ పుస్తకాలకు కరువెక్కువ. లాభాపేక్ష లేకుండా వికలాంగులకు అందే రూపంలోకి పుస్తకాన్ని మార్చడానికి కాపీరైటు చట్టంలో 2012 సవరణ అనుమతి ఇచ్చింది. అయితే ఆ ఫైళ్లు విద్యార్థులకే వెళ్లాలి, యూట్యూబులో పెట్టకూడదు.

ఫోన్ చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపి, పరుపు, దుప్పట్లు ఉన్న గదిలో కూర్చోండి. గుడ్డ ప్రతిధ్వనిని మింగేస్తుంది. ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ప, బ, భ దగ్గర ఊపిరి కొట్టుకుంటుంది. మొదట పుస్తకం పేరు, అధ్యాయం, పేజీ అంకె చెప్పాలి. పేజీ తిప్పినప్పుడల్లా కొత్త అంకె చెప్పాలి, ఎందుకంటే తరగతిలో మాస్టారు "112వ పేజీ తీయండి" అంటారు. పట్టిక వస్తే ముందు నిలువు వరుసల పేర్లు చదివి, తర్వాత ఒక్కో అడ్డు వరుస చదవాలి. పటం వస్తే "పటం ఉంది" అని దాటేయకుండా అందులో ఏముందో రెండు వాక్యాల్లో చెప్పాలి. నటించి చదవొద్దు. పిల్లలు వేగం పెంచుకుని వింటారు, భావం కోసం సాగదీసిన చోట అది వికారంగా వినిపిస్తుంది. ఫైలు పదిహేను ఇరవై నిమిషాలకు మించకూడదు. ఫైలు పేరు 01, 02 అని రెండంకెలతో మొదలవ్వాలి, లేకపోతే 10వది 2వ దానికన్నా ముందు వచ్చి కూర్చుంటుంది.

పేజీకి మూడు నిమిషాలు వేసుకుంటే 200 పేజీల పుస్తకానికి పది గంటలు. ముగ్గురూ పంచుకోవచ్చు గానీ, ఒక పుస్తకానికి ఒకే గొంతు ఉంటే వినేవాళ్లకు హాయి. ఒకాయన చదువుతుంటే ఇంకొకాయన పుస్తకం పట్టుకుని తప్పులు చూడడం, మూడో ఆయన ఫైళ్లకు పేర్లు పెట్టి హాస్టలుకు చేర్చడం బాగుంటుంది.

ప్రశ్న: నాన్న, ఆయన వాకింగ్ మిత్రులు కళ్యాణమండపాల్లో మిగిలిన భోజనం తెచ్చి పంచుతున్నారు. ఒకసారి తిన్నవాళ్లకు వాంతులయ్యాయి. అప్పటినుంచి భయం. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: భయం అవసరమే. మధ్యాహ్నం పన్నెండున్నర పంక్తికి అన్నం పదింటికే వండుతారు. మూడింటికి మీరు వెళ్లేసరికి దాని వయసు అయిదు గంటలు. అన్నంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చటి అన్నంలో అవి మొలిచి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. "మరిగించి పెట్టాం కదా" అన్న ధీమా అందుకే పనికిరాదు.

కాబట్టి పని మూడింటికి కాదు, ముందురోజు మొదలవ్వాలి. క్యాటరర్‌తో మాట్లాడి, వడ్డనకు తీయని గిన్నెలు మూతపెట్టి పొయ్యి మీదే ఉంచమనండి. గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి కొనండి. గిన్నె మధ్యలో 60 డిగ్రీల పైన ఉన్నది తీసుకోవచ్చు. అంతకన్నా చల్లారిందీ, ఎప్పుడు చల్లారిందో చెప్పలేనిదీ వదిలెయ్యండి. బఫే బల్ల మీద పెట్టినవి, గరిటెలు మారినవి తీసుకోవద్దు. కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చడి, దద్దోజనం, కోసిన పండ్లు, క్రీము కలిపినవి ఎంత బాగున్నా వద్దు. బూందీ లడ్డు, జంతికలు, కారప్పూస నిశ్చింతగా తీసుకోవచ్చు. పులిహోర చింతపండు పులుపు వల్ల కొంత ఆగుతుంది, అయినా ఆ పూటే పెట్టెయ్యాలి.

పాత్రలు గట్టి మూతల స్టీలు క్యాన్లు, సలసల మరిగే నీళ్లతో కడిగినవి. వేడి సాంబారు ప్లాస్టిక్ కవర్లలో పోయొద్దు. ఎత్తినప్పటినుంచి రెండు గంటల్లో చివరి ముద్ద నోట్లో పడాలి. అందుకని ఎక్కడ ఎంతమంది ఉన్నారో ముందే ఫోన్ చేసి కనుక్కుని, దారి ఖాయం చేసుకున్నాకే బండి కదలాలి. మిగిలిన ఆహారం పంపిణీకి ఆహార భద్రతా సంస్థ నియమాలు 2020 జులై నుంచి అమల్లో ఉన్నాయి. తెచ్చిన చోటు, వండిన వేళ, పంచిన వేళ రాసే పుస్తకం ఒకటి తప్పకుండా ఉండాలి. అనుమానం వచ్చిన గిన్నెను పారబోసే హక్కు ఒకే మనిషికి ఇవ్వండి. ఆయన వద్దంటే మిగతావాళ్లు వాదించకూడదు. ఈ ఒక్క మాట దగ్గర స్నేహం మొహమాటం పెట్టకూడదు.

ప్రశ్న: మా నాన్న బృందంలో డబ్బు దగ్గర మాటా మాటా వచ్చింది. సంస్థగా రిజిస్టరు చేస్తే గొడవలు పోతాయంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పోవు, పెరిగే అవకాశమే ఎక్కువ. సొసైటీల చట్టం 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అనేసరికి ఏడుగురు స్నేహితుల్లో ముగ్గురికి కుర్చీలు, నలుగురికి చప్పట్లు. ఏటా సర్వసభ్య సమావేశం, లెక్కల దాఖలు తప్పవు. బయటివాళ్ల దగ్గర పెద్ద విరాళాలు తీసుకుంటేనో, దాతలకు పన్ను మినహాయింపు ఇప్పించాలంటేనో రిజిస్ట్రేషన్ అవసరం.

లేకపోతే అసలు డబ్బు చేతికి రానివ్వకపోవడమే మందు. ఎవరైనా అయిదువేలు ఇస్తామంటే, కావాల్సిన వస్తువుల చీటీ ఇచ్చి దుకాణానికి వాళ్లనే నేరుగా కట్టమనండి. మీలో మీరు వేసుకునేది నెలకు రెండొందలో మూడొందలో అందరికీ ఒకే మొత్తం ఉండాలి. ఎక్కువ ఇచ్చినాయన మాట ఎక్కువ చెల్లడం దగ్గరే బీటలు పడతాయి. ఖర్చు రాసేవారిని మూడు నెలలకోసారి మార్చండి, బిల్లు ఫోటో అదే రోజు గ్రూపులో పెట్టండి. టీ డబ్బులు మాత్రం ఈ లెక్కలోకి తేకండి. ఎవరో ఒకరు ఇస్తారు, ఇవ్వనివ్వండి.

ప్రశ్న: నాన్నగారితో పదేళ్లుగా శనివారాలు బడిలో పిల్లలకు చదువు చెప్పిన స్నేహితుడు మూడు నెలల కిందట పోయారు. అప్పటినుంచి నాన్న వెళ్లడం మానేశారు. ఎలా మళ్లించాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీరు మళ్లించలేరమ్మా, ఆయన మిగతా స్నేహితులు మళ్లించాలి. వాళ్లకు మీరే ఫోన్ చేయండి. "రండి" అని గ్రూపులో మెసేజీలు పెట్టకుండా, శనివారం బడి వదిలాక ఇద్దరు ఇంటికి వచ్చి కూర్చోమనండి. పోయినాయన గురించి మాట్లాడనివ్వండి, మాట మార్చొద్దు. ఇంట్లోవాళ్లు "ఆ సంగతి ఎత్తకండి" అని కాపలా కాస్తుంటారు. దానివల్ల ఆయన ఇంకా ఒంటరవుతారు.

రెండో మూడో వారం ఇంటి దగ్గర చేసే పని ఇవ్వమనండి. మూడో తరగతి పిల్లలు తడబడే ఒత్తుల మాటలు పెద్ద అక్షరాలతో అట్టల మీద రాసివ్వడం లాంటిది. అట్టకు నాలుగు మాటలు: అమ్మమ్మ, కొబ్బరి, చెప్పులు, పచ్చిక. అవి పిల్లలు ఎలా చదివారో చూడాలనిపించి బడిదాకా వెళ్లే రోజు వస్తుంది. వెళ్లినా మొదట్లో ఆ స్నేహితుడి జట్టు పిల్లలను ఆయనకు అప్పగించొద్దు. ఆ ఆరుగురు పిల్లలను మిగతావాళ్లు వంతులవారీగా చూసుకోవాలి. వాళ్లలో ఎవరో ఒకరు "ఆ సార్ ఏరి?" అని తప్పకుండా అడుగుతారు. ఏం చెప్పాలో ముందే టీచరుతో అనుకోండి.

నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం ఇప్పటికీ ఉంటే, లేదా బతికి ఏం లాభమన్న మాట ఒక్కసారి అన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: నాన్నగారు ఆరు నెలలు ఉండడానికి మా దగ్గరికి వస్తున్నారు. ఊళ్లో ఆదివారం బృందాన్ని వదిలి రావాలని దిగులు. ఇక్కడ ఫుడ్ బ్యాంకులో సేవ చేయవచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: సందర్శక వీసా మీద వచ్చినవాళ్లు జీతం గానీ మరో రూపంలో ప్రతిఫలం గానీ లేకుండా ధర్మసంస్థల్లో సేవ చేయవచ్చు. మామూలుగా జీతమిచ్చి చేయించుకునే ఉద్యోగం పని ఉచితంగా చేసినా చిక్కే, ఆ తేడా గుర్తుంచుకోండి. ఫుడ్ బ్యాంకులో డబ్బాలు వేరుచేయడం, తేదీలు చూసి పెట్టెల్లో సర్దడం ఏ ఇబ్బందీ లేని పని. ముందుగా ఆన్‌లైన్‌లో షిఫ్టు రాయించుకోవాలి. చెప్పులతో రానివ్వరు, వేళ్లు మూసి ఉండే బూట్లు కావాలి. సిమెంటు నేల మీద రెండు మూడు గంటలు నిలబడాలి కనుక మెత్తటి అడుగున్నవి కొనండి. మొదటి రెండుసార్లు మీరూ పక్కన నిలబడండి, యాస అలవాటయ్యేదాకా.

ఊరి బృందంతో తెగిపోనక్కర్లేదు. ఎండాకాలంలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. ఊళ్లో ఆదివారం పొద్దున ఏడున్నరకు వాళ్లు పని మొదలుపెడితే మీకు శనివారం రాత్రి తొమ్మిది. వాళ్లు టీకి కూర్చునే తొమ్మిదిన్నర మీకు రాత్రి పదకొండు. ఆయనను మెలకువగా ఉండనిచ్చి, ఆ అరగంటకు వీడియో కాల్ కలపండి. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు వెనక్కి తిప్పుతారు. అప్పటినుంచి తేడా పదకొండున్నర గంటలవుతుంది, కాల్ మీకు రాత్రి పదింటికే వస్తుంది.